దర్వాజ పక్క టేబుల్ మీదికి అద్దం కొనేముందు

అద్దాల షాపుకు పోతే ఎక్కువమంది చూసేది ఫ్రేమును, అద్దాన్ని కాదు. అక్కడ అద్దాలన్నీ నేల మీద పెట్టి గోడకు వాల్చి ఉంటాయి కాబట్టి ఏ అద్దం ముందు నిలబడ్డా మనిషి నిండుగా కనిపిస్తాడు. అదే అద్దం ఇంటికొచ్చి టేబుల్ పైన నిటారుగా గోడకెక్కాక పెద్దాయనకు నుదురు తెగిపోతుంది, బడికెళ్లే పిల్లకు జడ రిబ్బన్లు తప్ప ఏమీ కనిపించవు. అందుకే షాపుకు బయల్దేరకముందే ఇంట్లో ఎవరెవరు చూసుకుంటారో, టేబుల్ ఎంతుందో, గోడ ఎంత బరువు ఆపుతుందో తేల్చుకోవాలి. డిజైను ఆ తర్వాతి మాట.

ఎత్తు లెక్క

వెనక్కి జరిగితే అద్దంలో ఇంకా కింది దాకా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిటారుగా ఉన్న అద్దంలో అది జరగదు. ఎంత దూరం నిలబడ్డా మన ఒంట్లో కనిపించే భాగం అంతే. నెత్తి కనిపించాలంటే అద్దం పై అంచు నెత్తికీ కంటికీ మధ్య ఎత్తులో ఉంటే చాలు. నడుము కనిపించాలంటే కింది అంచు కంటికీ నడుముకూ మధ్యలో ఉండాలి. పెద్దవాళ్లకు కన్ను నెత్తికి సుమారు నాలుగున్నర అంగుళాల కింద ఉంటుంది. ఈ మూడు ముక్కలు చాలు, మిగతాది టేపు చూసుకుంటుంది.

ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషి 5 అడుగుల 10 అంగుళాలు అనుకుందాం, అంటే 70 అంగుళాలు. ఆయనకు నెత్తి కనిపించాలంటే పై అంచు నేల నుంచి 68 అంగుళాల దగ్గర ఉండాలి. 5 అడుగుల ఇల్లాలికి నడుము దాకా కనిపించాలంటే కింది అంచు 45 ఉన్నా సరిపోతుంది. 4 అడుగుల పిల్లకు మాత్రం గడ్డం దాకా ముఖం కనిపించాలంటే కింది అంచు 42 దాటొద్దు. అందరినీ కలుపుకుంటే 42 నుంచి 68 దాకా గాజు ఉండాలి. కొంచెం వదులు పెట్టుకుని 30 అంగుళాల ఎత్తు గాజు తీసుకుంటే 38 నుంచి 68 దాకా వస్తుంది. టేబుళ్లు మామూలుగా 30 అంగుళాల ఎత్తుంటాయి కాబట్టి మధ్యలో పూలకుండీకో తాళాల గిన్నెకో చోటు మిగులుతుంది. టేబుల్‌కు బదులు 36 అంగుళాల చెప్పుల స్టాండు ఉన్నా ఇదే కొలత నడుస్తుంది, కాకపోతే దాని మీద ఎత్తు వస్తువులు పెట్టొద్దు.

సద్దుల బతుకమ్మ నాడు పట్టుచీర కుచ్చిళ్లు సమంగా పడ్డాయో లేదో ఈ అద్దంలో తేలదు, టేబులే అడ్డం. ఆ పనికి బీరువా అద్దం ఉంది. దీన్నుంచి అది ఆశించి నిలువెత్తు అద్దం తెస్తే కింది సగం టేబుల్ వెనక దాక్కుంటుంది. బతుకమ్మ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి: తాంబాలం నెత్తిన పెట్టుకుని బయటికి పోయే దారి అది. టేబుల్ ముందు కనీసం 3 అడుగుల నడిచే జాగా మిగలాలి. టేబుల్ లోతు 12 నుంచి 14 అంగుళాలు దాటితే దారి ఇరుకవుతుంది, అద్దం చూసుకోవాలంటే మీదికి వంగాల్సి వస్తుంది.

వెడల్పు, ఆకారం

ఫ్రేముతో కలిపి అద్దం వెడల్పు టేబుల్ వెడల్పులో మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు దాకా ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. 3 అడుగుల టేబుల్‌కు 24 నుంచి 27 అంగుళాలు, 4 అడుగుల దానికి 32 నుంచి 36. టేబుల్ కన్నా వెడల్పైన అద్దం తెస్తే టేబులే చిన్నపిల్లల బల్లలా కనిపిస్తుంది.

అడ్డంగా పొడుగున్న అద్దం ఫోటోల్లో బాగుంటుంది గానీ, ఇంట్లో పొడుగూ పొట్టీ మనుషులున్నప్పుడు 20, 24 అంగుళాల ఎత్తు ఎవరో ఒకరికి తక్కువవుతుంది. పెద్దవాళ్లే ఉండే ఇంటికైతే పర్లేదు. గుండ్రటి అద్దం తీసుకుంటే 30 అంగుళాలకు తగ్గొద్దు. దానికి పూర్తి ఎత్తు ఉండేది నట్టనడుమ మాత్రమే, ఇద్దరు పక్కపక్కన నిలబడితే ఇద్దరికీ సగం సగమే.

అసలు మోసం జరిగేది కొలత చెప్పే దగ్గర. షాపులో చెప్పే 24కు 36 చాలాసార్లు ఫ్రేము బయటి కొలత. నాలుగు వైపులా 2 అంగుళాల పట్టీ ఉంటే లోపలి గాజు 20కి 32 మాత్రమే. చుట్టూ కిరణాల్లా పుల్లలున్న డిజైన్లలో గాజు ఇంకా తక్కువ. బేరం మొదలుపెట్టకముందే టేపు తీసి గాజును కొలవండి.

గాజు ఎలా చూడాలి

3 మిల్లీమీటర్లూ అంతకన్నా పలచని గాజు చౌక. దాన్ని ఎగుడుదిగుడు బోర్డు మీద నొక్కి బిగిస్తే అదే తీరుగా వంగుతుంది, ముఖం ఒక దగ్గర సాగి ఒక దగ్గర నొక్కుకుపోయి కనిపిస్తుంది. వెనక సమమైన ప్లైవుడ్ ఉండి ఫ్రేములో కూర్చునేదైతే 2 అడుగులకు 3 అడుగుల దాకా 4 మిల్లీమీటర్లు చాలు. ఫ్రేము లేనిదైనా, అంతకన్నా పెద్దదైనా 5 మిల్లీమీటర్లు తీసుకోండి. మందం మీద అనుమానముంటే పెన్సిల్ మొన గాజుకు ఆనించండి. మొనకూ అద్దంలో దాని ప్రతిబింబానికీ మధ్య సందు ఎంత తక్కువైతే గాజు అంత పలచన. పక్కనున్న 5 మిల్లీమీటర్ల ముక్క మీద కూడా ఆనించి చూస్తే తేడా తెలిసిపోతుంది.

వంకర పట్టుకోవాలంటే అద్దంలో మీ ముఖం చూడొద్దు. షాపు ట్యూబ్‌లైటో షట్టరు అంచో అద్దంలో పడేలా నిలబడి, మెల్లగా ఆ పక్కకూ ఈ పక్కకూ నడవండి. గీత తిన్నగా జారితే మంచి గాజు, పాములా మెలికలు తిరిగితే వదిలేయండి. తర్వాత అద్దాన్ని తిప్పి వెనక పెయింటు చూడండి. అంచుల్లో పెచ్చు లేచినా, గీరుకుపోయినా, అక్కడినుంచే ఒకటి రెండు వానాకాలాల్లో నల్లమచ్చలు మొదలవుతాయి. వెండి పూతకు తేమ తగిలేది అంచుల నుంచే. అంచులు పాలిష్ చేసి ఉండాలి, వేలితో రాస్తే గరుకు తగలొద్దు.

ఫ్రేము విషయంలో మన దగ్గర మంచి అవకాశాలున్నాయి. ములుగు, ఆదిలాబాద్ వైపు టేకు తెలిసిన వడ్లాయన ఉంటే కొలత ఇచ్చి చేయించుకోవడమే మేలు, కావలసిన గాజు సైజు ఖచ్చితంగా వస్తుంది. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పని ఫ్రేము ఒక్కటే గోడకు చాలు, పక్కన ఇంకేమీ అక్కర్లేదు. కానీ ఇత్తడి మెరవాలని చింతపండు పెట్టి తోమితే ఆ పులుసు గాజు అంచులోకి దిగి పూతను తినేస్తుంది. ఇత్తడి ఫ్రేమును పొడిగుడ్డతోనే తుడవాలి. నిర్మల్ రంగుల పనికి వాడే పొణికి చెక్క తేలికా మెత్తనా, అందుకని తగిలించే రింగులను ఆ చెక్కకు కాకుండా వెనకున్న గట్టి పట్టీకి బిగించమనండి. గోదావరిఖని, భూపాలపల్లి లాంటి బొగ్గు ఊళ్లలో ఉండేవాళ్లు చెక్కుడు పని ఫ్రేము జోలికి పోకపోవడం మంచిది. నల్ల దుమ్ము ప్రతి లతలోనూ చేరుతుంది, బ్రష్షు పట్టుకుని కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? నున్నటి పట్టీ అయితే ఒక్క తుడుపుతో పోతుంది.

ఏ గోడకు

దర్వాజకు ఎదురుగా అద్దం పెట్టొద్దని, ఉత్తరం గోడకో తూర్పు గోడకో పెట్టాలని వాస్తు చూసేవాళ్లు చెప్తారు. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది గానీ, ఎదురు గోడతో వేరే చిక్కులున్నాయి. తూర్పు వాకిలి ఇంట్లో పొద్దుటి ఎండ, పడమర వాకిలి ఇంట్లో సాయంత్రం ఎండ నేరుగా అద్దానికి కొట్టి కళ్లలో పడుతుంది. తలుపు తీసి ఉంటే గల్లీలో పోయేవాళ్లకు హాలంతా అద్దంలో కనిపిస్తుంది. పక్క గోడే నయం.

ఖాయం చేసుకునే ముందు అనుకున్న చోట ఒకరు చిన్న అద్దం పట్టుకోవాలి, ఇంకొకరు గడప మీద నిలబడి అందులో ఏం కనిపిస్తోందో చూడాలి. బాత్రూం తలుపో అంట్ల సింకో కనిపిస్తే ఒక అడుగు జరపండి. ఆ తర్వాత పాత న్యూస్‌పేపర్లు అతికించి అద్దం బయటి కొలతకు కత్తిరించి గోడకు టేపు వేసి రెండు రోజులు ఉంచండి. తలుపు రెక్క పూర్తిగా తెరిచినప్పుడు గొళ్లెం ఆ కాగితానికి తగులుతోందా అనేది కూడా అప్పుడే బయటపడుతుంది.

వెలుతురు అద్దం మీద కాదు, ముఖం మీద పడాలి. అద్దానికి ఎదురు గోడ మీద ట్యూబ్‌లైటు ఉంటే అద్దంలో అది తెల్లటి గీతలా మెరుస్తుంది, ముఖమేమో నల్లబడుతుంది. అద్దం పైన గానీ, రెండు పక్కలా కంటి ఎత్తులో గానీ లైటు ఉండాలి.

గోడ చెమ్మను కూడా చూసుకోవాలి. బాత్రూంకు ఆనుకున్న గోడైనా, వానకు తడిసే బయటి గోడైనా ఒక అడుగు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజంతా ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే ముందు చెమ్మ సంగతి చూసి తర్వాతే అద్దం.

తగిలించడం

బరువు అంచనా సులువు. 5 మిల్లీమీటర్ల గాజు చదరపు అడుగుకు దాదాపు 1.2 కిలోలు, 4 మిల్లీమీటర్లది 0.9 కిలోలకు కొంచెం ఎక్కువ. 24కు 30 అంగుళాల గాజు 5 చదరపు అడుగులు, అంటే సుమారు 6 కిలోలు. టేకు ఫ్రేమూ వెనక ప్లైవుడ్డూ కలిస్తే 10 దాకా పోతుంది. దీనికి గోడకు కొట్టే సిమెంటు మొల పనికిరాదు. రెండు చోట్ల డ్రిల్లు వేసి 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్గులు, 50 మిల్లీమీటర్ల స్క్రూ హుక్కులు బిగించాలి. లోపలి గోడల ప్లాస్టరింగే 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్లగ్గు ఆ ప్లాస్టరులోనే ఆగిపోతే కొన్నాళ్లకు పెచ్చుతో సహా ఊడొస్తుంది. డ్రిల్లు బిట్టుకు 55 మిల్లీమీటర్ల దగ్గర టేపు ముక్క చుట్టి అక్కడిదాకా దింపండి. ఎర్ర ఇటుక గోడైతే మొదట బూడిదరంగు పొడి రాలుతుంది, తర్వాత ఎర్రపొడి మొదలవుతుంది. ఎర్రపొడి రాకుండా బిట్టు ఒక్కసారిగా లోపలికి జారితే అది ఇటుకల మధ్య ఖాళీ, చెయ్యి ఆపి రెండు అంగుళాలు పక్కకు జరపాలి. తేలికపాటి తెల్ల బ్లాకులతో కట్టిన కొత్త అపార్ట్‌మెంట్లలో మామూలు ప్లగ్గు వదులైపోతుంది, ఆ బ్లాకులకని అమ్మే పొడుగు ప్లగ్గులు అడగండి. పల్లెల్లో పాత మట్టిగోడకు ఏ ప్లగ్గూ నిలవదు. అద్దాన్ని టేబుల్ మీదే నిలబెట్టి, పైభాగాన్ని దూలానికో గోడలో దిగిన చెక్కకో కట్టేయడమే దారి.

స్విచ్‌బోర్డుకు నిట్టనిలువునా పైనా కిందా డ్రిల్లు పెట్టొద్దు, వైర్లు అటే పోతాయి. దర్వాజ పక్క గోడకు స్విచ్‌బోర్డు ఉండని ఇల్లు అరుదు.

హుక్కు ఎత్తు దగ్గర దాదాపు అందరూ తప్పుతారు, ఫ్రేము పై అంచు దగ్గరే గుర్తు పెడతారు. పైన చెప్పిన అద్దాన్నే తీసుకుంటే, 30 అంగుళాల గాజుకు రెండు వైపులా 2 అంగుళాల పట్టీ కలిపి ఫ్రేము 34. గాజు 38 నుంచి మొదలవ్వాలంటే ఫ్రేము అడుగు 36 దగ్గర, పైభాగం 70 దగ్గర వస్తుంది. వెనక రింగు పైభాగం నుంచి 5 అంగుళాల కిందుంటే హుక్కు 65 దగ్గర పడాలి, 70 దగ్గర కాదు. రెండు హుక్కుల గుర్తులనూ టేబుల్ నుంచి కాకుండా నేల నుంచి కొలిచి, స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచూడండి. తీగ కట్టి ఒకే మొలకు వేలాడదీస్తే తలుపు దడాలున వేసినప్పుడల్లా అద్దం పక్కకు ఒరుగుతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరి ఇళ్లలో బ్లాస్టింగ్ అదురుకు కూడా అంతే, కాబట్టి అక్కడ రెండు హుక్కులతో పాటు అడుగున రెండు క్లిప్పులు కూడా పెట్టించండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకూ అద్దానికీ మధ్య గాలి ఆడుతుంది.

ఫ్రేము లేని అద్దాన్ని స్క్రూలతో బిగిస్తే గాజుకూ స్క్రూకూ మధ్య రబ్బరు వాషరు తప్పనిసరి. చేత్తో బిగుసుకోగానే ఆపేయాలి, ఇంకో చుట్టు తిప్పితే రంధ్రం దగ్గర చీలిక మొదలవుతుంది. సిలికాన్‌తో అతికించేవాళ్లు వెనిగర్ వాసన వచ్చేది వాడొద్దు, అందులోని ఆమ్లం పూతను తింటుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నదే వాడాలి.

తీసుకొచ్చేటప్పుడు అద్దాన్ని ఆటోలో పడుకోబెట్టొద్దు. ఎంత మంచి గాజైనా గతుకుల రోడ్డు మీద నడుమ విరుగుతుంది. దుప్పటి చుట్టి నిలువుగా సీటుకు ఆనించి కట్టాలి. ఇంటికి రంగులు వేసేటప్పుడు దించినా అంతే, మడిచిన జంపఖానా మీద నిలబెట్టాలి.

తుడిచేటప్పుడు గాజు మీద నేరుగా స్ప్రే కొడితే నీళ్లు కింది అంచులోకి కారి అక్కడే నలుపు పుడుతుంది. గుడ్డను తడిపి తుడవండి. బొట్టుబిళ్లలు అతికించే అలవాటు ఏ ఇంట్లోనూ మానదు. వాటి జిగురు మచ్చలను గోటితోనో బ్లేడుతోనో గీకకుండా ఒక చుక్క కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి తుడిస్తే పోతాయి. ఆ తర్వాత కొంచెం షాంపూ నీళ్లలో పిండిన గుడ్డతో ఒకసారి తుడవాలి, లేకపోతే నూనె మరక దుమ్మును పట్టుకుంటుంది.