భారం కలిగిన పేటలో పరిచర్య ఎలా మొదలుపెట్టాలి?

ప్రార్థనలో ఒక పేట మళ్లీ మళ్లీ గుర్తొస్తుంటే, దాని మీద భారం కలిగింది అంటాం. చిత్తూరులో మా చర్చికి దగ్గర్లోనే అలాంటి పేట ఒకటుంది. పొద్దుగూకితే తాగుడు, గొడవలు. బడి మానేసిన పిల్లలు. మేము మొదటిసారి ఆటో నిండా బియ్యం మూటలతో వెళ్లాం. అరగంటలో అయిపోయాయి. తోపులాటలో ఒక అవ్వ కింద పడింది, అందనివాళ్లు తిట్టారు. తప్పు మాదే. అందుకే చెబుతున్నా, ఒట్టి చేతులతో వెళ్లండి.

ముందు చూడండి. బైబిల్లో నెహెమ్యా గోడలు తిరిగి కట్టించాలని యెరూషలేముకు వచ్చిన మూడు రోజుల తర్వాత, రాత్రిపూట కొద్దిమందితో వెళ్లి కూలిన గోడలు చూసొచ్చాడు. మనసులో ఉన్నది అప్పటికి ఎవరికీ చెప్పలేదు. మీరూ ఒక నెల ఊరికే నడవండి. యేసు ప్రభువు శిష్యుల్ని పంపినట్టే ఇద్దరిద్దరుగా వెళ్లండి, జట్టులో ఒక అక్క తప్పకుండా ఉండాలి. వెళ్లే వారం, వేళ మార్చొద్దు. మాది శనివారం సాయంత్రం, కుళాయి నీళ్లొచ్చే వేళ. నాలుగో వారం బిందెల వరుసలో ఉన్న ఒకామె తనే పలకరించింది: "ఇంకో అక్క రాలేదే ఈరోజు?"

చర్చి నుంచి వచ్చామని మొదటి రోజే చెప్పేయండి. దాచిపెడితే తర్వాత ఏం చేసినా అనుమానమే. ఏ దేవుడికి మొక్కేవాళ్లకైనా ఒకటే సాయం. ప్రార్థన చేయమని అడిగితే చేయండి. సాయానికీ ప్రార్థనకీ ముడిపెట్టకండి. ఫోటోలు అసలే వద్దు.

తర్వాత ఒకే ఒక్క పని పట్టుకోండి, అదీ వాళ్లు అడిగింది. మా దగ్గర అడిగింది కాగితాల పని. ఒక అక్క బియ్యం డబ్బాలోంచి బట్టల షాపు కవరు తీసింది. అందులో ఆధార్, రేషన్ కార్డు, పెళ్లినాటి ఫోటో. భర్త పోయి రెండేళ్లయినా మరణ ధ్రువపత్రం లేదు, అది లేక వితంతు పింఛనుకు దరఖాస్తే పెట్టలేదు. నెలకు 4,000 రూపాయలంటే ఆ ఇంటికి చిన్న మాట కాదు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. వార్డు సచివాలయం నుంచి మొదలుపెట్టి ఐదు నెలలు ఆమెతో తిరిగాం. ధ్రువపత్రం వచ్చింది. పింఛను ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేమని ఆమెతో అన్నాం. ఆశపెట్టి మాట ఇవ్వడం కన్నా అదే నయం.

తాగుడు విషయంలో మాత్రం జాగ్రత్త. "ఈ రోజే మానేయ్ తమ్ముడూ" అని ఒట్టు వేయించుకోకండి. ఏళ్లుగా విపరీతంగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ప్రార్థించండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 నంబరు ఉంది. పిల్లలు ఆపదలో ఉంటే 1098, ఆడవాళ్లకు 181. ఈ మూడూ మీ ఫోన్లో ఉండాలి.

డబ్బు ఒకరి దగ్గర, లెక్క ఇంకొకరి దగ్గర పెట్టండి. అప్పులివ్వొద్దు. ఇస్తే ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని చూసి తలుపేసుకుంటారు.

వాన పడుతోందని ఏ శనివారమూ మానకండి. ఆ అక్క కవరు తీసింది అలాంటి సాయంత్రమే. చూరు కింద నిలబడి తడుస్తుంటే లోపలికి పిలిచి చాప వేసింది.