నెల్లూరులో ఉప్పునీటి అక్వేరియం: చేపలకు ముందు చేయాల్సిన పని

మైపాడు సముద్రం నెల్లూరుకు పాతిక కిలోమీటర్లు. అందుకే ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది, డ్రమ్ములు వేసుకెళ్లి అక్కడి నీళ్లే తెచ్చుకోవచ్చా అని. వద్దనే చెబుతాను. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పని చేస్తున్నాను కాబట్టి తీరం వెంట నీళ్లు ఎలా మారుతుంటాయో నాకు రోజూ కనబడుతుంది. పెన్న సముద్రంలో కలిసేది ఆ దగ్గర్లోనే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు వరద, ఒండ్రు కలిసి ఒడ్డు దగ్గర ఉప్పదనం పడిపోతుంది. ఎండాకాలంలో మళ్లీ పెరుగుతుంది. పట్టుబడి అయ్యాక చెరువులు ఖాళీ చేస్తే ఆ నీళ్లు కాలవల గుండా చేరేదీ సముద్రానికే. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలు వాడేది సముద్రపు నీరే, నిజం. కానీ దాన్ని ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ పెట్టి, ఆ క్లోరిన్ పోగొట్టి, మళ్లీ వడకట్టాకే తల్లి రొయ్యల తొట్టిలోకి వదులుతారు. ఇంట్లో మూడడుగుల ట్యాంకు కోసం అంత ఏర్పాటు ఎవరు చేయగలరు?

రెండో ప్రశ్న ఉప్పు గురించి. ఇస్కపల్లిలోనో చినగంజాంలోనో మడుల పక్కన గుట్టలు పోసిన ఉప్పు సముద్రంలో నుంచి వచ్చిందే కదా, అదే నీళ్లలో కలిపితే చాలదా అంటారు. చాలదు. మడిలో నీరు ఆవిరయ్యే కొద్దీ సున్నం, జిప్సం ముందే అడుక్కు దిగిపోతాయి. ఆ తర్వాత సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న చేదు నీటిని చివర్లో బయటకు వదిలేస్తారు. గుట్టలో మిగిలేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు చేపలకు, నత్తలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం, క్షారత (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) అందులో సరిపడా ఉండవు. అక్వేరియం కోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు కొనండి. ఖర్చు తగ్గించుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి, ఇక్కడ మాత్రం వద్దు.

లెక్క కోసం మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు అనుకుందాం. నిండా పోస్తే 190 లీటర్లు. పైన వదిలే జాగా, లోపల పెట్టే రాళ్లు పోను అసలు నీరు 160 లీటర్లు ఉంటుంది. దీనికి సుమారు ఆరు కిలోల ఉప్పు పడుతుంది. గాజు, రాళ్లు, స్టాండుతో కలిపి బరువు 250 కిలోలు దాటుతుంది కాబట్టి ముందే స్థలం తేల్చుకోండి. పడమటి ఎండ పడే గోడ పక్కన పెట్టకండి.

నీరు ఆర్ఓదే కావాలి. తీర మండలాల్లో బోరు నీళ్లు ముందే ఉప్పగా ఉంటాయి. ఏమేమి ఎంతెంత ఉన్నాయో తెలియని నీటికి ఉప్పు కలిపితే లెక్క కుదరదు. వంటింటి ఆర్ఓ యంత్రాల్లో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. దాన్ని దాటించి, మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టంలోని నీటినే పట్టుకోండి. ఆ వెనుక, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి బిగిస్తే టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క) సున్నాకు వస్తుంది. క్యాన్ నీళ్లు తెప్పించుకునేవాళ్లు ప్రతిసారీ టీడీఎస్ మీటరు పెట్టి చూడాలి. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పు కొంచెం కొంచెంగా వేసి, ఒక రోజంతా తిరగనివ్వండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పిపిటి (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు), అంటే సాంద్రత 1.025 దగ్గర చూపించాలి. చెరువులున్న ఇళ్లలో ఆ పరికరం ఎలాగూ ఉంటుంది. వాడేముందు స్వేదనజలంతో సున్నా సరిచూసుకోండి.

రాళ్లు, ఇసుక సంగతి క్లుప్తంగా. ఎండు రాయి లేదా సిరామిక్ రాయి పదిహేను కిలోల దాకా సరిపోతుంది. అడుగున పలుచగా అరగొనైట్ (సున్నపు జాతి) ఇసుక. ఒడ్డున నల్లచారలు కనిపించే ఇసుకలో బరువైన లోహ ఖనిజాలు ఉంటాయి, అది వద్దు. పగడాలు, పగడపు రాళ్లు ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోకండి. పగడాలకూ సముద్రపు గుర్రాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చట్టం లేకపోయినా వాటిని పీకి తేవడం తప్పే.

ఇక అసలు పని. నీళ్లు పోసి, ఫిల్టర్, పంపు నడిపించాక ట్యాంకు ఎంత తేటగా కనిపించినా అది ఇంకా ప్రాణం లేని గాజుపెట్టే. చేప విసర్జించేదీ, తినక మిగిలిన మేత కుళ్లి వచ్చేదీ అమ్మోనియా. పీహెచ్ 8 దాటిన వెచ్చని నీటిలో అది మరీ విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండూ రాళ్ల మీదా ఫిల్టర్ రింగుల మీదా సరిపడా స్థిరపడటమే సైక్లింగ్. చేప లేకుండానే దీన్ని పూర్తి చేయవచ్చు, అలాగే చేయాలి.

ఈ సూక్ష్మజీవులకు తిండి కావాలి. ల్యాబు రసాయనాల దుకాణంలో దొరికే శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ ఒక గ్రాము తూచి, కప్పు నీళ్లలో కరిగించి పోస్తే మన 160 లీటర్లలో అమ్మోనియా 2 పిపిఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరకు వస్తుంది. కళాయి వేసేవాళ్ల నవాసాగరం కూడా అదే పదార్థం, కానీ దానిలో ఏ లోహాలు కలిసి ఉన్నాయో చెప్పలేం. తూకం కుదరకపోతే ఉప్పు, పసుపు తగలని పచ్చి రొయ్య ఒకటి వలగుడ్డలో కట్టి వేలాడదీయండి. పని జరుగుతుంది, లెక్క మాత్రం ఉండదు, వాసన ఉంటుంది. సైక్లింగ్ జరిగే రోజుల్లో లైటు వెలిగించనక్కర్లేదు, వెలిగిస్తే నాచు పెరుగుతుంది. గాలి మాత్రం బాగా ఆడాలి, ఈ జీవులకు ఆక్సిజన్ చాలా కావాలి.

మా వైపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. అల్లూరు వైపు నుంచి శాంపిల్ తెచ్చిన ఒక రైతు, కూతురి కోసం ట్యాంకు పెట్టారు. "చెరువుకు వేసే ప్రోబయాటిక్ పొట్లం ఒకటి బెల్లంలో నానబెట్టి పోస్తే వారంలో అయిపోదా, సార్?" అన్నారు. చెరువు అనుభవంతో అడిగిన మాట అది, అందుకే కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. పొట్లాల్లో ఉండేవి ఎక్కువగా బాసిల్లస్ జాతి బాక్టీరియా. అవి బీజకణాలు కట్టుకుని పొడిలో నెలల తరబడి బతుకుతాయి, నీళ్లలో పడగానే అరగంటకొకసారి రెట్టింపవుతాయి, అడుగు మురికిని తింటాయి. నైట్రైట్ సంగతి చూసే జీవులు వేరు. అవి బీజకణాలు కట్టవు కాబట్టి ఎండబెట్టిన పొడిలో నిలవవు. ఒకటి రెండు కావడానికి సగం రోజు నుంచి ఒక రోజు పడుతుంది. వాటికి బెల్లం పనికిరాదు. బెల్లం పోస్తే వేగంగా పెరిగే జీవులు ఆక్సిజన్ తినేసి, వీటికి చోటు లేకుండా చేస్తాయి. తొందర ఉంటే ఒక్కటే దారి: జబ్బుల్లేని పాత ఉప్పునీటి ట్యాంకు నుంచి గుప్పెడు ఫిల్టర్ రింగులు తడి ఆరకుండా తెచ్చి, పాలకు తోడు వేసినట్టు మీ ఫిల్టర్‌లో వేయండి. ద్రవరూపంలో అమ్మే నైట్రిఫయింగ్ బాక్టీరియా సీసాలైనా సరే, చల్లటి చోట నిల్వ ఉంచినవి చూసి కొనండి.

ఇక రెండు రోజులకొకసారి టెస్టు కిట్టుతో పరీక్ష. మొదట అమ్మోనియా గొట్టంలో రంగు పసుపు నుంచి ఆకుపచ్చకు తిరుగుతుంది, నైట్రైట్ గొట్టంలో ఏమీ ఉండదు. ఒకటి రెండు వారాలకు ఆకుపచ్చ వెలవడం మొదలవుతుంది. అదే సమయంలో నైట్రైట్ గొట్టంలో చుక్కలు వేస్తే లేత గులాబీ. తర్వాతి వారం చూస్తే మూత పెట్టి కుదిపేలోపే ముదురు గులాబీ అయిపోయి, కిట్టు పట్టికలో దానికి సరిపడే గడి ఉండదు. అప్పుడు శాంపిల్‌ను ఆర్ఓ నీటితో పదింతలు పలుచన చేసి చూడాలి. ఈ దశే ఎక్కువ కాలం సాగుతుంది, చాలామంది ఓపిక పోయేదీ ఇక్కడే. నైట్రైట్ మిగిలి ఉండగా నైట్రేట్ పరీక్ష ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ అంకెను అప్పుడే నమ్మకండి. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మధ్యలో అంతా ఆగిపోయినట్టు కనిపిస్తే ముందు క్షారత చూడండి. ఒక పాలు అమ్మోనియా నైట్రోజన్ మారడానికి ఏడు పాళ్ల క్షారత ఖర్చవుతుంది. అది పడిపోతే పీహెచ్ దిగుతుంది, సూక్ష్మజీవులు మందగిస్తాయి. 160 లీటర్లకు 8 గ్రాముల వంట సోడా కరిగించి పోస్తే సుమారు 30 పిపిఎం పెరుగుతుంది. కిట్టు లేనివాళ్లు దగ్గర్లోని ఆక్వా ల్యాబుకు నీళ్లు తీసుకెళ్లవచ్చు, మన జిల్లాలో ఈ సౌకర్యం ఉంది, వాడుకోండి. సీసాను నీళ్లలో ముంచి గాలి లేకుండా నింపి, అక్కడే మూత బిగించి గంటలోపు చేర్చండి. ఆలస్యమైతే ఐసులో పెట్టండి.

తారీఖు చూసి చేపను వేయకండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక మళ్లీ గ్రాము అమ్మోనియం క్లోరైడ్ వేసి, సరిగ్గా 24 గంటల తర్వాత చూడండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉంటే ట్యాంకు సిద్ధం. అప్పుడు సగం నీళ్లు మార్చి, నైట్రేట్‌ను 20 పిపిఎం లోపుకు తెచ్చి, వారంలోపు మొదటి చేపను వదలండి. చేపను ముందు విడి తొట్టిలో ఉంచడం వల్ల ఇంకా ఆలస్యమయ్యేట్టుంటే సూక్ష్మజీవులు పస్తుండకుండా కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ ఉండాలి.

ఆ కొత్తలో రాళ్ల మీద గోధుమరంగు పొర వస్తుంది. అది డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు, దానంతటదే తగ్గుతుంది. నాలుగైదు నత్తలు వేస్తే తిని శుభ్రం చేస్తాయి.

మొదటి చేపలుగా క్లౌన్ చేపల జంట మేలు. ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే అడగండి. వీటి పిల్లల ఉత్పత్తి పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే రూపొందించింది, కాబట్టి సముద్రంలో పట్టినవాటి అవసరం లేదు. వాటికి ఎనిమోన్ (అవి సముద్రంలో ఆశ్రయం తీసుకునే పువ్వులాంటి జీవి) కూడా అక్కర్లేదు. చవక కదా అని డామ్సెల్ అనే చిన్న సముద్రపు చేపలతో సైక్లింగ్ చేయమని చెప్పేవాళ్లు ఉంటారు. విషపు నీళ్లలో ఒక ప్రాణిని ఉంచడం క్రూరత్వం, పైగా బతికినవి తర్వాత వచ్చిన చేపలను పొడిచి వేధిస్తాయి. ఇంత ట్యాంకుకు నాలుగైదు చిన్న చేపలే హద్దు. ఒక్కో విడతకూ మధ్య మూడు వారాలు ఆగండి, పెరిగిన మేతకు తగ్గట్టు సూక్ష్మజీవులూ పెరగాలి.

మన దగ్గర చాలామంది చెన్నై కొళత్తూరు నుంచి చేపలు తెచ్చుకుంటారు. బయలుదేరే ముందే దుకాణానికి ఫోను చేసి వాళ్ల నీటి సాంద్రత కనుక్కోండి. 1.020 అంటే, కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే తొట్టిలో అదే సిద్ధం చేయండి. దారిలో కవరులో బొగ్గుపులుసు వాయువు పేరుకుని పీహెచ్ దిగుతుంది, అందువల్ల అమ్మోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే పీహెచ్ ఎక్కి అది విషమవుతుంది. అందుకే కవరును విప్పకుండా ఇరవై నిమిషాలు తేలనిచ్చి, విప్పగానే చేపను మాత్రం తీసి ఆ విడి తొట్టిలో వదలండి, కవరులోని నీళ్లు పారబోయండి. నలభై లీటర్ల ప్లాస్టిక్ తొట్టి, పెద్ద ట్యాంకులోనే కొన్నాళ్లు ఉంచి తీసిన స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్క ఉంటే చాలు, నాలుగు వారాలు అక్కడే ఉంచి గమనించండి. ఉప్పదనాన్ని ఆ రోజుల్లోనే మెల్లగా 1.025కు పెంచండి. చేప మీద తెల్ల చుక్కలు కనిపిస్తే రొయ్యలకు వచ్చే వైట్‌స్పాట్ జబ్బు అనుకుని హడలిపోకండి. అది వైరస్, ఇది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. రాగి మందుతో నయమవుతుంది, కానీ ఆ మందు విడి తొట్టిలోనే వేయాలి. పెద్ద ట్యాంకులో పడితే నత్తలు చనిపోతాయి.

రోహిణి కార్తెలో నీటిని 28 డిగ్రీల దగ్గర నిలపడం కష్టం. నీటి ఉపరితలం మీదకు చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. దానివల్ల రోజూ నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. గాజు మీద గీత పెట్టుకుని, తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్ఓ నీళ్లే పోయండి. నవంబరు తుపానులకు కరెంటు పోతుందని ముందే బ్యాటరీ ఏరేటరు ఒకటి కొని ఛార్జి చేసి పెట్టుకోండి. కరెంటు లేనంతసేపు మేత వేయవద్దు. వచ్చాక అమ్మోనియా పరీక్షించి, సున్నా ఉంటేనే వేయండి.