జూలియా–పైథాన్, పాఠం 4: మూడు రోజులడిగితే నాలుగెందుకొచ్చాయి

ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో రాసిన మొదటి మూడు రోజుల ధరల సగటును జూలియా అనే ఇంకో భాషలోకి మార్చమని పోయినసారి ఇచ్చిన అభ్యాసం చాలామందికి తేడా కొట్టింది, అందుకే ఈ వారం గ్రాఫులు గీద్దామనుకున్నది పక్కన పెట్టేశాను. తప్పు నాదే. జాబితాలో స్థానాల లెక్క పైథాన్‌లోలా 0 నుంచి కాక జూలియాలో 1 నుంచి మొదలవుతుందని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. మీరేమో పైథాన్ అలవాటులో ధర[0] అని కొట్టి, ఎర్రర్ రాగానే కనబడిన ప్రతి అంకెకూ 1 కలిపేశారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో క్వింటా మిర్చి ధర, ఆరు రోజులది, వందల్లో అనుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే:

ధర = [140, 142, 139, 145, 150, 148]

(పేరు తెలుగులో పెట్టినా రెండు భాషలూ ఒప్పుకుంటాయి, భయపడకండి.)

మొదటి మూడు రోజులకు పైథాన్‌లో ధర[0:3]. దాన్నే మీరు జూలియాలో ధర[1:4] చేశారు. సగటు 140.33 రావాల్సింది 141.5 వచ్చింది, ఎందుకంటే నాలుగో రోజు 145 కూడా దూరింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ధర[0] అంటే జూలియా వెంటనే అరుస్తుంది, దీనికి మాత్రం నోరు మెదపదు, మీరు ఆ సగటు పట్టుకుని హాయిగా ముందుకెళ్లిపోతారు.

జూలియాది మన మాట తీరే. సోమవారం నుంచి బుధవారం వరకు అంటే బుధవారం కూడా కలిపే కదా. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని లాభం అంటారు, తర్వాత రెండు, మూడు. సున్నా కుంచమంటూ ఉండదు. పైథాన్‌ది కిలోమీటరు రాళ్ల లెక్క: సున్నా రాయి నుంచి మూడో రాయి దాకా మధ్యలో మూడు కిలోమీటర్లు. అంకెలు రాళ్లవి, ధరలు రాళ్ల మధ్యలో ఉన్నాయి. కాబట్టి మొదటి అంకెకే 1 కలపండి, రెండోదాన్ని ముట్టుకోవద్దు. [0:3] అయితే [1:3], [2:5] అయితే [3:5]. చివరి రోజుకు పైథాన్‌లో ధర[-1], జూలియాలో ఆ -1 చోట ఎండ్, అంటే ధర[end].

జూలియా మొదటిసారి రన్ చేస్తే నెమ్మదిగా ఉందన్నవాళ్లు రెండోసారి చూడండి, ముందు కంపైల్ చేసుకుంటుంది (కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చుకుంటుంది), అంతే. నా మటుకు నేను ఫైళ్లు శుభ్రం చేయడం పాండాస్‌లోనే (పట్టికల పనికి వాడే పైథాన్ లైబ్రరీ) కానిచ్చేస్తా, పెద్ద లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి) ఉంటేనే జూలియా తెరుస్తా. ఉద్యోగం కోసమైతే ముందు పైథానే నేర్చుకోండి, మొహమాటం లేదు.

అభ్యాసం: రోజురోజూ జరుపుకుంటూ మూడేసి రోజుల సగటు, రెండు భాషల్లోనూ, ఉత్త లూపుతో. పాండాస్ వద్దు. నాలుగు జవాబులు రావాలి, చివరిది 147.67. తర్వాత మూడుకు బదులు ఎన్ని రోజులిచ్చినా పనిచేసేలా మార్చండి. 6 ఇస్తే ఒక్కటే రావాలి, 144. రాకపోతే కాగితం మీద రాళ్లు గీసుకుని మళ్లీ మొదలుపెట్టండి.