నిద్రకు దారి – 4వ పాఠం: చింతకు ఒక వేళ, మంచానికి ఒకే పని

మొదటి వారం, రోజూ మన నిద్ర వివరాలు రాసుకునే నిద్ర పుస్తకాన్ని మొదలుపెట్టాం. రెండో వారం పండుగైనా పనిదినమైనా ఒకే వేళకు లేవడం అలవాటు చేసుకున్నాం. మూడో వారం నాలుగు సెకన్లు గాలి పీల్చి, ఆరు సెకన్లు మెల్లగా వదిలే శ్వాసను రోజుకు 10 నిమిషాల చొప్పున సాధన చేశాం. ఈ వారం పాఠం ఆ మూడింటికన్నా కష్టమైనది, ఎందుకంటే అర్ధరాత్రి మెలకువ వచ్చి, రేపటి చింతలు ఒకటొకటిగా లేచి మంచం పక్కన కూర్చున్నప్పుడు ఏం చేయాలో ఇందులో నేర్చుకోబోతున్నాం.

అంతకన్నా ముందు, చాలామందికి ఇంకా కుదురుకోని ఒక సందేహాన్ని తీర్చవలసి ఉంది. పడుకునే వేళను వదిలిపెట్టి, లేచే వేళనే అంత గట్టిగా పట్టుకోవడం ఎందుకు? తిరుపతిలో ఉండేవారికి దీన్ని చెప్పడం తేలిక. కొండమీద రద్దీని బట్టి రాత్రి ఏకాంతసేవ వేళ అటూఇటూ జరుగుతూ ఉంటుంది కానీ, స్వామిని మేలుకొలిపే సేవ మాత్రం తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలోనే జరుగుతుంది. ధనుర్మాసంలో సుప్రభాతం స్థానంలో తిరుప్పావై వినిపించినా మేలుకొలుపు ఆగదు. మన ఒంటికి కావలసిన గంటలు వేరే అయినా, ఆ వేళ పట్టింపు మనకూ కావాలి. నిద్ర ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో లేదు, ఎప్పుడు లేవాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. జ్యూరిక్‌లో పరిశోధన చేసిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన ప్రకారం నిద్ర రెండు బలాల కలయిక: మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో పెరుగుతూ పోయే నిద్ర ఒత్తిడి ఒకటి, పొద్దుటి వెలుతురును చూసి తనను తాను సరిచూసుకునే ఒంటి గడియారం రెండోది. ఒకే వేళకు లేచి ఎండపొడ చూస్తే ఆ గడియారం నిలకడగా నడుస్తుంది, నిద్ర ఒత్తిడి కూడా ప్రతిరోజూ ఒకే చోటినుంచి మొదలై రాత్రికి సరిపడా పెరుగుతుంది.

కాఫీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకునే కొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. కెఫీన్ ఆ అడినోసిన్ వచ్చి కూర్చోవలసిన చోట ముందే కూర్చుని దాన్ని అడ్డుకుంటుంది. పెద్దవారి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటికి తాగిన ఫిల్టర్ కాఫీలో దాదాపు సగం బలం రాత్రి పదకొండింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్న భోజనం తరువాత తాగే గ్లాసును చివరిదిగా పెట్టుకోండి.

ఇక అసలు పాఠానికి వద్దాం. చింతకాయను తలచుకుంటే చాలు, నోట్లో నీళ్లూరుతాయి. కాయ ఎదురుగా లేకపోయినా నోరు తన పాత అనుభవాన్ని మరచిపోదు. మంచంతోనూ ఇదే జరుగుతుంది. నెలల తరబడి ఒకరు అదే మంచం మీద దొర్లుతూ, అప్పుల లెక్క వేస్తూ, ఫోను చూస్తూ, గోడ గడియారం వైపు తల తిప్పుతూ గడిపితే, ఆ మంచాన్ని చూడగానే మెలకువ రావడమే ఒంటికి అలవాటైపోతుంది. హాల్లో టీవీ ముందు కునికిపాట్లు పడినవారికి మంచం ఎక్కగానే కళ్లు విచ్చుకోవడానికి కారణం ఇదే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో దీనికి ఒక పద్ధతిని సూచించాడు: మంచాన్ని నిద్రకే కేటాయించాలి, మెలకువను మంచం మీద ఉంచకూడదు. నిద్రలేమికి మందులకన్నా ముందు ప్రయత్నించవలసినదిగా 2016లో అమెరికా వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) సిఫారసు చేసిన చికిత్సలో ఈ పద్ధతి ఒక ముఖ్య భాగం.

కానీ మంచం నుంచి లేచినంత మాత్రాన చింత పోదు. అందుకని దానికి ముందుగానే, పగటి వేళలో ఒక చోటు చూపించాలి. ఈ వారం మొదటి సాధన అదే.

మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వైద్యుడు చెబితే, రోగికి మందు గ్లాసు ఎత్తిన ప్రతిసారీ కోతే గుర్తుకు వచ్చిందన్న కథ మనందరికీ తెలిసినదే. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి పేరు చెప్పి చేసిన ప్రయోగాలలోనూ ఇదే తేలింది: తలచుకోవద్దన్నదే పదేపదే తలపుకు వస్తుంది. కాబట్టి రాత్రి పూట మనసుతో ‘ఆలోచించకు’ అని చెప్పడం వృథా. ‘ఆలోచిద్దాం, కానీ రేపు సాయంత్రం’ అంటే మాత్రం అది వింటుంది. అయితే ఆ సాయంత్రం నిజంగా వస్తుందని దానికి నమ్మకం కుదరాలి. మరో మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ 1983లో పరీక్షించి చూపిన పద్ధతి ఇదే, మనం దీన్ని చింత వేళ అందాం.

చేయవలసినది ఇది. పడుకోవడానికి కనీసం మూడు గంటల ముందు, రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పుస్తకం, కలం పెట్టుకుని 20 నిమిషాలు కూర్చోండి. ఆ చోటు మంచం కాకూడదు, పూజ గది కూడా వద్దని నా సలహా, ఎందుకంటే మనసు ప్రశాంతమయ్యే చోటుకు చింతను అలవాటు చేయడం మంచిది కాదు. వంటింటి గడప, మిద్దె మెట్లు, అరుగు, ఏదైనా సరే. మనసులో ఉన్న ప్రతి చింతనూ ఒక్కొక్క వాక్యంగా రాయండి. వాక్యం పూర్తిగా రాయడం ముఖ్యం. ‘డబ్బు’ అని ఒక్క మాట రాస్తే అది చింతగానే మిగులుతుంది, ‘15వ తేదీకి ఫీజు కట్టాలి, 6,000 తక్కువపడుతోంది’ అని రాస్తే అది ఒక పని అవుతుంది. తరువాత ప్రతి వాక్యం పక్కన రెండింటిలో ఒకటి రాయాలి: నా చేతిలో ఉన్నదైతే రేపు చేయబోయే మొదటి చిన్న పని, లేనిదైతే ‘నా చేతిలో లేదు’ అన్న మాట. 20 నిమిషాలు కాగానే, చింత మిగిలి ఉన్నా సరే, పుస్తకం మూసి లేవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పూతలపట్టు వైపు నాకు తెలిసిన ఒక రైతు 2025 వేసవిలో తోతాపురి మామిడికాయలతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడి, ఆ తరువాత ఇంటికి వచ్చినా నిద్ర పట్టక నా దగ్గరికి వచ్చాడు. ఆ ఏడాది ధర బాగా పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు అన్న మాట వచ్చినా, తన కాయ ఎప్పుడు దిగుతుందో, డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో ఆయనకు తెలియదు. ‘అన్నా, కండ్లు మూస్తే ట్రాక్టరే కనపడతా ఉండాది’ అన్నాడు. మేమిద్దరం కూర్చుని రాయించిన పేజీలో ఏడు వాక్యాలు వచ్చాయి. ధర, వరుస పొడుగు, కాయ మెత్తబడడం, ఈ మూడూ ఆయన చేతిలో లేవు. టోకెన్ గురించి కనుక్కోవడం, సగం కాయను వేరే చోటికి తోలగలడేమో బావమరిదిని అడగడం, బ్యాంకు అప్పు గడువు గురించి మాట్లాడడం, కూలీల లెక్క తేల్చడం, ఈ నాలుగూ ఆయన చేసుకోగలిగినవి. ఆయన నష్టం ఆ పేజీతో తీరలేదు, ఆ మాట దాచి ఈ పద్ధతిని గొప్పగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ రాత్రి రెండింటికి ఒకే ముద్దగా గుండెల మీద కూర్చున్న బరువు ఏడు వాక్యాలుగా విడిపోయింది, వాటిలో నాలుగింటికి మరుసటి పొద్దుకు ఒక అడుగు దొరికింది. నాలుగో రాత్రి నుంచి ఆయన ఐదు గంటలు పడుకోగలిగాడు.

రాత్రి మంచం మీద చింత వస్తే దానితో వాదించకండి. పుస్తకంలో ఉన్నదైతే ‘ఇది రాసి ఉంది’ అనుకోండి. కొత్తదైతే మంచం పక్కన పెట్టుకున్న చిన్న కాగితం మీద మూడు మాటలు గీకి, ‘రేపు సాయంత్రం ఆరున్నరకు’ అనుకుని వదిలిపెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు మనసు నమ్మదు, మళ్లీ మళ్లీ అడుగుతుంది. మీరు సాయంత్రం వేళను తప్పకుండా పాటిస్తే అడగడం తగ్గుతుంది.

రెండో సాధన మంచం గురించి. నిద్ర ముంచుకు వచ్చినప్పుడే మంచం ఎక్కండి. ఒళ్లు అలసిపోవడం వేరు, కనురెప్పలు బరువెక్కి తల వాలడం వేరు. పడుకున్నాక సుమారు 20 నిమిషాలు గడిచినా నిద్ర రాలేదనిపిస్తే, లేదా అంతకుముందే చిరాకు మొదలైతే, లేచి వేరే చోటికి వెళ్లండి. ఆ 20 నిమిషాలను గడియారంలో చూడకూడదు, అంచనా చాలు. మా నాన్న ఆపరేషన్ జరిగిన సంవత్సరం నేను రాత్రంతా గడియారం చూస్తూ ‘ఇప్పుడు పట్టినా నాలుగు గంటలే, ఇప్పుడు పట్టినా మూడు గంటలే’ అని లెక్క వేసుకునేవాణ్ణి, ఆ లెక్కే నన్ను మేలుకొలిపేది. గడియారాన్ని వంటింట్లోకి మార్చిన తరువాతే నాకు ఈ పద్ధతి పట్టుబడింది. ఫోనును కూడా చేయి అందని చోట పెట్టండి, అలారం మోగితే లేచి వెళ్లి ఆపేటంత దూరంలో.

లేచి ఏం చేయాలి? మసక వెలుతురులో, పూర్తి కాకపోయినా నష్టంలేని, ఆసక్తి పుట్టించని పని ఏదైనా చేయవచ్చు: ఉతికిన బట్టలు మడవడం, చిక్కుడుకాయలు ఒలవడం, పూలు మాల కట్టడం, లేదా మూడో పాఠంలోని శ్వాస. వార్తలు, లెక్కలు, వాట్సాప్ వద్దు. కళ్లు మూతలు పడుతున్నప్పుడు మాత్రమే తిరిగి మంచం ఎక్కాలి, మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవాలి. ఒక రాత్రి నాలుగుసార్లు లేచినా అది ఓటమి కాదు, ఆ నాలుగుసార్లూ మంచానికి కొత్త అలవాటు నేర్పినట్టే లెక్క. పొద్దున మాత్రం, ఎంత తక్కువ పడుకున్నా, రెండో పాఠంలో ఎంచుకున్న వేళకే లేవాలి, పగటి కునుకును ఈ రెండు వారాలపాటు మానుకోవాలి.

తిరుపతి కొర్లగుంటలోనో, బస్టాండు వెనుక సందుల్లోనో ఒకే గదిలో నలుగురు పడుకునే ఇళ్లలో ‘వేరే చోటికి వెళ్లండి’ అనడం తేలిక, చేయడం కష్టం. అలాంటప్పుడు గదిని మార్చనక్కరలేదు, పక్కను మార్చితే చాలు: చాప మడిచి, గోడకు ఆనుకుని, అదే గదిలో కూర్చోండి, నిద్ర వచ్చాకే చాప పరచండి. ఒంటికి తెలియవలసినది ఒక్కటే, పక్క పరచి ఉంటే అది నిద్రకు. మోకాళ్ల నొప్పులు, తల తిరుగుడు ఉన్న పెద్దవారు చీకట్లో లేచి తిరగకండి. మంచం మీదే లేచి కూర్చుని, కాళ్లు కిందికి పెట్టి, దిండుకు దూరంగా ఉండడం సరిపోతుంది. రాత్రి పాళీల్లో కొండమీద పనిచేసేవారికి, బస్సు, ట్యాక్సీ నడిపేవారికి ఈ పాఠం ఇలాగే పనికిరాదు, వారికోసం ఆరో పాఠం వస్తుంది. అంతవరకు నిద్ర తక్కువైన రోజున ఘాట్ రోడ్డు మీద బండి నడపవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

కొందరికి ఇంటి సాధన చాలదు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉక్కిరిబిక్కిరై లేచేవారు, రాత్రి గుండెదడతో పాటు ఛాతీ నొప్పి వచ్చేవారు, రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేక దిగులుగా ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి కలవాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నిద్రమాత్రలు వాడుతున్నవారు ఈ పాఠాలు చదివి వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి. మూర్ఛ వ్యాధి, మనోస్థితి విపరీతంగా మారే వ్యాధి (బైపోలార్) ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వచ్చే వారం పాఠం ప్రారంభించవద్దు. ప్రాణం తీసుకోవాలన్న తలపు వస్తే చింత వేళ కోసం ఆగవద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ గంటలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ వారం నిద్ర పుస్తకంలో రోజూ పొద్దున రాయవలసినవి: పడుకున్న వేళ, మంచం మీద గడిపిన మొత్తం గంటలు, అందులో నిద్రపోయినట్టు తోచిన గంటలు, రాత్రి ఎన్నిసార్లు లేచి వెళ్లారో, ముందురోజు చింత వేళ పాటించారో లేదో. అన్నీ అంచనాలే, నిమిషాలు కచ్చితంగా ఉండనక్కరలేదు. ఏడు రోజులు పూర్తయ్యాక నిద్రపోయిన గంటల మొత్తాన్ని మంచం మీద గడిపిన గంటల మొత్తంతో భాగించి 100తో గుణించండి. 8 గంటలు మంచం మీద ఉండి ఐదున్నర గంటలు నిద్రపోయినవారికి దాదాపు 69 వస్తుంది. మీకు వచ్చిన సంఖ్యను పుస్తకం మొదటి పేజీలో పెద్దగా రాసి ఉంచుకోండి, అయిదో పాఠం ఆ సంఖ్యతోనే మొదలవుతుంది.