చేతి కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్: స్కానింగ్ కంటే ముందు చేయవలసిన పరీక్ష

వరి కోతల రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల ఆసుపత్రులకు చేయి వాచి వచ్చేవారిలో యంత్రం బెల్టులో చేయి నలిగినవారు, రక్తపింజర కాటుకు గురైనవారు, విరిగిన మణికట్టుకు వెదురుబద్దల నాటుకట్టు బిగించుకున్నవారు ఉంటారు. కారణం ఏదైనా లోపల జరిగేది ఒక్కటే. మణికట్టుకు దిగువన చేతిలోని 10 కండరాల గదుల చుట్టూ ఉన్న పొర సాగదు కనుక, వాపు పెరిగేకొద్దీ రక్తం ఆడక, సుమారు 6 గంటలు దాటితే కండరం తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింటుంది. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

ముందుగా కట్టు, ఉంగరాలు, కడియం తీసివేసి చేతిని గమనించాలి. పిడికిలి కణుపులు చాచుకుని, వేళ్ల నడిమి కణుపులు వంగి ఉంటే అనుమానించాలి. తరువాత పిడికిలి కణుపును నిటారుగా పట్టుకుని, నడిమి కణుపును మెల్లగా వంచాలి. గాయానికి మించిన నొప్పితో రోగి చేయి లాక్కుంటే అది బలమైన సూచన. బొటనవేలి వైపు కండరాలకు ఆ వేలిని అరచేతికి దూరంగా లాగి చూడాలి. నాడి కొడుతోందనీ, వేళ్లకు స్పర్శ తెలుస్తోందనీ ధైర్యపడరాదు. స్పర్శనరాలు ఎముకల మధ్య గదుల గుండా పోవు. స్పృహలేని రోగిలోనూ, చిన్నపిల్లల్లోనూ సూదితో కండరాల గదిలోని ఒత్తిడి కొలవడమే దారి: అది 30 మిల్లీమీటర్ల పాదరసం దాటినా, రోగి కింది బీపీకి, దానికి మధ్య తేడా 30 లోపు ఉన్నా ప్రమాదమే.

ఇక చిత్రాల సంగతి. ఎక్స్‌రే ఎముక విరుపును, కీలు తొలగడాన్ని చూపుతుంది. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌లో పెద్ద ధమనుల ప్రవాహం మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే అడ్డు పడేది సన్నని నాళాల్లో. అల్ట్రాసౌండ్ చీముగడ్డ ఉన్నదీ లేనిదీ తేల్చడానికి పనికివస్తుంది. ఎమ్మారైలో కండరం వాపు తెల్లగా కనిపించినా, అది మామూలు నలుగుడా, ఒత్తిడా అన్నది తేలదు. లక్షణాలు స్పష్టంగా ఉన్న రోగిని స్కానింగ్ గది ముందు వరుసలో కూర్చోబెట్టడాన్ని నేను సమర్థించను.

పాముకాటులో మాత్రం ఒత్తిడి తగ్గించడానికి పొరను తెరిచే కోతను తొందరపడి పెట్టరాదు. విషం వల్ల వచ్చే వాపు ఈ జబ్బును పోలి ఉంటుంది కనుక ముందు విరుగుడు మందు ఇచ్చి, 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చూసి, ఒత్తిడి కొలిచాకే సర్జన్ నిర్ణయించాలి.

వరంగల్‌లోని ఎంజీఎం (మహాత్మాగాంధీ స్మారక) ఆసుపత్రికి పంపేటప్పుడు చేతిని గుండె ఎత్తులోనే ఉంచి, దెబ్బ తగిలిన సమయాన్నీ, వేళ్లు కదిపినప్పటి నొప్పినీ, చూసిన సమయంతో సహా చీటీలో రాయాలి.