ఆబ్జెక్ట్‌ని ప్రింట్ చేస్తే పిచ్చి అంకెలు వస్తున్నాయా? ఇలా చేయండి

మా బావకి విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల వ్యాపారం. ఆయన బిల్లుల కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టి, ‘చేప’ అని ఒక క్లాస్ (ఆబ్జెక్టులు తయారు చేసే అచ్చు) రాసి, అందులో పేరు, కేజీలు, ధర పెట్టి, మొదటి వంజరాన్ని ప్రింట్ చేస్తే తెర మీద పేరూ లేదు, ధరా లేదు, ‘చేప ఆబ్జెక్ట్ ఎట్ జీరో ఎక్స్ 7ఎఫ్...’ అంటూ పొడుగాటి నంబరొకటి వచ్చింది. "ఇదేం చేప బామ్మర్దీ, ఎప్పుడూ వినలేదే" అన్నాడు.

తప్పు పైథాన్‌ది కాదు. ఎలా చూపించాలో మనం చెప్పకపోతే అది క్లాస్ పేరు, మెమరీలో ఉన్న చోటు చెప్పి ఊరుకుంటుంది. జావా అయితే క్లాస్ పేరు, ఎట్ గుర్తు, హాష్ కోడ్ ఇస్తుంది, అక్కడ టుస్ట్రింగ్ అనే మెథడ్ (క్లాస్ లోపల రాసే ఫంక్షన్) రాసుకోవాలి.

ముందుగా క్లాస్ లోపల ఒక మెథడ్ రాయండి. దాని పేరు ఎస్‌టీఆర్, ముందు రెండు అండర్‌స్కోర్లు, వెనక రెండు. సెల్ఫ్ (అంటే ఆ ఆబ్జెక్టే) ఒక్కటే తీసుకుంటుంది. అందులో ఎఫ్ స్ట్రింగ్‌తో (విలువల్ని మాటల మధ్యలో ఇమిడ్చే స్ట్రింగ్, పైథాన్ 3.6 నుంచి ఉంది) ‘వంజరం, 2 కేజీలు, 1600 రూపాయలు’ అని తయారు చేసి రిటర్న్ చేయండి. రిటర్న్ అన్నాను, ప్రింట్ కాదు! లోపల ప్రింట్ పెట్టి వదిలేస్తే మెథడ్ ‘నన్’ (ఏమీ లేదని అర్థం) ఇస్తుంది, వెంటనే టైప్ ఎర్రర్.

ఇప్పుడు నాలుగు చేపల్ని లిస్టులో వేసి ప్రింట్ చేయండి. మళ్లీ అదే పిచ్చి నంబరు. ఎందుకంటే లిస్టు తన లోపలి వాటిని ఎస్‌టీఆర్‌తో చూపించదు, రెప్ర్ (ఆర్‌ఈపీఆర్) అనే ఇంకో మెథడ్‌తో చూపిస్తుంది. కాబట్టి అవే అండర్‌స్కోర్లతో రెప్ర్ మెథడ్ కూడా రాయండి. మొదటిది కొనేవాళ్ల కోసం, ఇది మన కోసం. అందుకే దీన్ని కోడ్‌లా ఇవ్వాలి: చేప('వంజరం', 2, 800). కాపీ చేసి పేస్ట్ చేస్తే అదే ఆబ్జెక్ట్ మళ్లీ తయారవ్వాలి. ఒక్కటే రాసే ఓపిక ఉంటే రెప్ర్ రాయండి, ఎస్‌టీఆర్ లేకపోతే ప్రింట్ కూడా దాన్నే వాడుకుంటుంది, తిరగేస్తే అలా జరగదు.

రెప్ర్ లోపలి ఎఫ్ స్ట్రింగ్‌లో పేరు పక్కన ఆశ్చర్యార్థకం, ఆర్ పెట్టడం మర్చిపోకండి, అప్పుడు పేరు కూడా రెప్ర్ రూపంలోనే వస్తుంది. దీని విలువ నాకు ఒక సాయంత్రమంతా పోయాక తెలిసింది. బిల్లులో పాంఫ్రెట్ రెండు వరుసల్లో విడివిడిగా వస్తోంది, చూడ్డానికి రెండూ ఒకటే. రెప్ర్‌లో చూస్తే ఒకదాని చివర బ్యాక్‌స్లాష్ యు 200సి! తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం పెడతాయి, అదన్నమాట. రీప్లేస్‌తో తీసేస్తే రెండూ కలిసిపోయాయి.

ఇంత టైపింగ్ ఎందుకనుకుంటే పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాస్ వాడండి, రెప్ర్ అదే రాసిపెడుతుంది. కాకపోతే అన్ని ఫీల్డులూ (పేరు, ధర లాంటివి) చూపించేస్తుంది. బావ ఖాతాదారుల ఫోన్ నంబర్లు లాగ్ ఫైల్లోకి పోకుండా ఆ ఫీల్డుకి రెప్ర్ ఈక్వల్స్ ఫాల్స్ అని పెట్టాను.