ఏడో తరగతి విసుగులో రెండు రకాలు: విడదీసి చూడటం ఎలా?

ఐదో తరగతిలో "సార్, నేను చెప్తా" అని ఎగిరెగిరి చేయెత్తిన పిల్లే ఏడో తరగతిలో ప్రశ్న వినగానే తల దించుకుంటుంది. పొగరనో, చదువు మీద ధ్యాస లేదనో అనేస్తాం. అది చాలాసార్లు అన్యాయం. ఆరో తరగతితో బడి మారుతుంది, పీరియడ్‌కో టీచర్ వస్తారు, మార్కుల పోలిక పెరుగుతుంది. ఒంట్లో మార్పులు మొదలయ్యే వయసు కూడా అదే. నలుగురిలో నవ్వులపాలు కావడమంటే హడల్.

'ఇది నాకు వస్తుందా?', 'దీనితో నాకు పనుందా?' అనే రెండు లెక్కల మీదే చదువులోని భావోద్వేగాలు ఆధారపడతాయని మనస్తత్వ శాస్త్రవేత్త రైన్‌హార్డ్ పెక్రున్ 2006లో సిద్ధాంతీకరించారు. టీచర్‌కు పనికొచ్చే కీలకం ఇక్కడే ఉంది: పాఠం మరీ తేలికైనా విసుగే, అసలు అందకపోయినా విసుగే. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఏ విసుగో తెలుసుకోవడానికి వారానికోసారి, ఒకే పీరియడ్ చివర 3 నిమిషాలు చాలు. పావు కాగితం చీటీలు పంచండి. పైన హుషారు, విసుగు, భయం, సిగ్గు. కింద 'ఈరోజు పాఠం వచ్చింది, కొంచెం వచ్చింది, రాలేదు'. ఒక్కో వరుసలో ఒక్క టిక్కు. పేరు వద్దు, రాత వద్దు. చేతిరాత చూసి ఎవరిదో పట్టేస్తారని పిల్లలకు తెలుసు. చీటీలు తరగతిలో చదివితే వచ్చే వారం అందరూ 'హుషారు' మీదే టిక్కు పెడతారు. పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు ఈ పని పెట్టుకోకండి, ఆ రోజు వచ్చేది మార్కుల మీది కోపతాపాలే. కనీసం 4 వారాలు చూశాకే ఒక మాట అనుకోండి.

'విసుగు, వచ్చింది' ఎక్కువుంటే పీరియడ్ మొదట్లోనే రెండు గట్టి లెక్కలివ్వండి. 'విసుగు, రాలేదు' ఎక్కువుంటే వెనక్కి వెళ్లాలి. ఉదాహరణకు −3 − 5 ఎంతంటే ఒకడు 8 అంటాడు. "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్!" క్లాసు గొల్లుమంటుంది. మర్నాటి నుంచి వాడు నోట్‌బుక్‌కు మోచేయి అడ్డం పెట్టి రాస్తాడు. వాడు చెప్పిన సూత్రం తప్పు కాదు, గుణకారానిది. ముందు ఆ మాట అందరికీ వినపడేలా అనండి. తర్వాత సంఖ్యారేఖ మీద −3 దగ్గర నిలబెట్టి ఎడమకు 5 అడుగులు వేయించండి. −8 వాడి కాళ్ల కిందే దొరుకుతుంది.

భయం, సిగ్గు ఎక్కువైతే ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి. టీచర్లు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారని, 3 సెకన్లు ఆగితే జవాబులు పెరుగుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ముందు పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోనిచ్చి, తర్వాత అడిగితే ఇంకా మేలు. పరీక్ష పేపర్లు మడిచి ఎవరిది వాళ్ల చేతికివ్వండి. మార్కులు పైకి చదవడం, ర్యాంకుల ప్రకారం కూర్చోబెట్టడం ఈ వయసులో చేసే చేటు ఇంతా అంతా కాదు.

"అర్థమైందా?" అన్నది మాత్రం మానేయండి. "అయింది సార్" తప్ప ఇంకో జవాబు రాదు.

దిగులు అన్ని పీరియడ్లలోనూ కనిపిస్తూ, తిండి, నిద్ర చెడి, రెండు వారాలు దాటితే అది చీటీలతో తేలేది కాదు. అమ్మానాన్నలతో విడిగా మాట్లాడండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇవ్వండి.